గుమ్మం పీట

2038 జూలై 26, సోమవారం సాయంత్రం ఆరున్నరకు మిర్చి షెడ్డులో తొడిమలు తీసే ఏడుగురు ఆడవాళ్లు రెండు ఆటోల్లో జిల్లా ఆసుపత్రికి వచ్చారు. ఏడుగురికీ జ్వరం, వణుకు, ఆయాసం. వాళ్లలో ఎవరికీ అంతకుముందు ఆస్తమా లేదు. వాళ్లను తీసుకొచ్చిన ఎనిమిదో మనిషికి ఇరవై ఏళ్లుగా ఉంది. ఆ ఎనిమిదో మనిషి దగ్గడం కూడా లేదు.

ఆమె పేరు కట్టా దీవెనమ్మ. వయసు నలభై ఆరు. ఏడుగురిలో ఒకతె ఆమె కూతురు కృప. కృపకు ఇరవై రెండు.

డ్యూటీ డాక్టరు పేర్లు రాసుకుంటూ అడిగాడు.

"మీలో ఆస్తమా ఎవరికి?"

"నాకు బాబూ," అంది దీవెనమ్మ.

"అయితే నువ్వు ముందు పడుకోమ్మా. ఆక్సిజన్ పెడతాం."

"నాకేం లేదు బాబూ. నా పిల్లని చూడండి. పెదాలు నల్లబడుతున్నయ్."

డాక్టరు దీవెనమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. గాలి తేటగా వెళ్తోంది, తేటగా వస్తోంది. అప్పుడు కృప దగ్గరికి వెళ్లాడు.

షెడ్డు గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే రోడ్డు పక్కన ఉంది. దాని వెనక కోల్డ్ స్టోరేజీ. రెండూ గోగినేని చక్రధర్ అనే వ్యాపారివి. చలి గదుల్లోంచి మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు తెచ్చి షెడ్డులో కుమ్మరిస్తారు. పన్నెండు మంది ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తారు. రంగు పోయిన తాలు కాయ పక్కకు వేస్తారు. ముక్కుకూ నోటికీ తువ్వాలు.

మిరప ఘాటుకు అందరూ తుమ్ముతారు, దగ్గుతారు. దానికి ఎవరూ లేవరు. లేవాల్సింది బూజుకు. చలి గదిలోంచి బయటికొచ్చిన టిక్కీ చెమరుస్తుంది. చెమర్చినదాన్ని ఎండబెట్టకుండా రెండు రోజులు ఉంచితే కాయ లోపల బూజు పడుతుంది. కాయ విరిస్తే పొడి లేస్తుంది. దానికి ఘాటు లేదు. ముక్కుకు తెలియదు, గొంతుకు తెలియదు. ఘాటు మధ్య అది ఉన్నట్టే తెలియదు.

దీవెనమ్మ ఊపిరి గొట్టాలకు తెలిసేది. బూజు కుప్ప తెచ్చిన పావుగంటలో ఆమె ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. మొదట్లో అది ఆమె జబ్బే అనుకున్నారు. కొన్నాళ్లకు, ఆమెకు కూతలు వచ్చిన రోజున పని మానేసి బయటికి పోయినవాళ్లకు సాయంత్రం జ్వరం రావడం లేదని గమనించారు. అప్పటినుంచి ఆమెను గుమ్మం దగ్గర పీట మీద కూర్చోబెట్టడం అలవాటైంది. గాలి తగిలితే ఆమె కాస్త నిలబడుతుంది. కూత వస్తే అందరికీ వినబడుతుంది. ఆమె బస్తా నిండకపోతే మిగతావాళ్లు తలా ఒక దోసెడు వేసి నింపేవారు. "పిల్లి లేచింది" అని ఎవరో ఒకరు అనేవారు. అందరూ లేచి బయటికి వెళ్లేవారు. మేస్త్రీ ఏడుకొండలు తిట్టుకుంటూ కుప్పను ఎండలోకి తోయించేవాడు.

"దీవెనమ్మా, ఆ పిల్లిని ఇంటికాడ కట్టేసి రారాదా?" అనేవాడు.

"నీ ఇంటికాడ కట్టేస్తా, పాలు పోస్తావా?" అని మస్తాన్‌బీ జవాబు చెప్పేది. ఆ గుంపులో మేస్త్రీకి జవాబు చెప్పేది మస్తాన్‌బీయే.

షెడ్డులో పదకొండు మంది క్షేమానికి దీవెనమ్మ ఛాతీ సరిపోయింది. దీవెనమ్మకు మాత్రం సరిపోలేదు. ఇరవై ఏళ్లుగా ఆమె గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. పడుకుంటే ఊపిరి ఆడదు. భర్త పోయాక ఇంట్లో ఉన్న ఒక్క మంచాన్నీ కృపకు ఇచ్చేసింది.

"నాకెందుకే మంచం? నాకు గోడ చాలు," అనేది.

2037 నవంబరులో డాక్టర్ వేమూరి శశిభూషణ్ షెడ్డుకు వచ్చాడు. ఆయన విజయవాడ బైపాస్ పక్కన ఉన్న నిశ్వాస పరిశోధన సంస్థకు డైరెక్టరు. ఆయన గదిలో ఫొటోలు ఉన్నాయి. అన్నింట్లోనూ ఆయనే ఉన్నాడు. ఆయన వెంట ఆ సంస్థలో పనిచేసే డాక్టర్ పరిమళ వచ్చింది. ఆస్తమాకు కొత్త మందును తయారుచేసింది ఆమె. దానికి 'నెమ్మది' అని పేరు పెట్టింది ఆయన.

దీవెనమ్మ శ్వాసనాళంలోంచి సన్నని బ్రష్షుతో కొన్ని కణాలు తీసి పరిమళ ల్యాబులో పెంచింది. వేలిగోరంత గాజు పలక మీద అవి పొరగా పరుచుకున్నాయి. పొర కింద సన్నని కాలువలో దీవెనమ్మ రక్తంలోంచే తీసిన లేత కణాలు ప్రవహిస్తున్నాయి. ఇవి ఎముక మజ్జలో పుట్టి రక్తంలో తిరిగేవి. ఇంకా పని నేర్వనివి. పరిమళ పొర మీద బూజు పొడి ఒక చుక్క వేసింది. పొర ఒక సంకేతం వదిలింది. లేత కణాలు కాలువ వదిలి పైకి ఎక్కాయి. మూడు రోజులకు వాటి ఆకారం మారింది. నాలుగో రోజు మళ్లీ ఒక చుక్క వేస్తే, పలక అంచున ఉన్న కండరం పోగు నిమిషాల్లో బిగుసుకుంది.

డైరెక్టరు తెర మీద చూశాడు.

"అంటే ఇవి పుట్టుకతో రౌడీలు కావు. అక్కడికెళ్లాక నేర్చుకుంటున్నాయి."

"అవును సార్. ఏ పని నేర్చుకోవాలో పొర చెప్తుంది. ఈవిడ పొర ఇరవై ఏళ్ల నుంచీ ఒకటే చెప్తోంది."

"మనం పొర నోరు నొక్కేస్తున్నాం."

"ఆ ఒక్క మాట వరకూ. ఆల్రెడీ నేర్చుకున్న కణాలు వాటంతట అవి చచ్చిపోవాలి. రెండు నెలలు పట్టొచ్చు. మందు ఆపితే మళ్లీ కొత్తవి నేర్చుకుంటాయి."

"ఆపడం ఎందుకు?" అన్నాడు డైరెక్టరు.

పరీక్షకు నలభై మంది ఆస్తమా ఉన్న మిర్చి కూలీలను వేర్వేరు షెడ్లలోంచి తీసుకున్నారు. పోల్చి చూడటానికి అదే షెడ్లలో మందు తీసుకోని మనుషులు కావాలి. అదే గాలి, అదే దుమ్ము. చక్రధర్ షెడ్డులో మందుకు దీవెనమ్మను ఎంచుకున్నారు. జబ్బు ఎంత ముదిరితే తగ్గినట్టు అంత బాగా కనిపిస్తుందని డైరెక్టరు లెక్క. మిగిలిన పదకొండు మందినీ పోల్చే గుంపులో పెట్టారు. వాళ్లు చేయవలసింది ఏమీ లేదు. రోజూ వచ్చి పని చేసుకుంటే చాలు. పదకొండు మందీ వేలిముద్రలు వేశారు. వాళ్లు బూజును ఎలా కనిపెడుతున్నారని ఎవరూ అడగలేదు. గుమ్మం దగ్గర పీట ఎందుకుందని కూడా అడగలేదు. డైరెక్టరు షెడ్డుకు వచ్చినప్పుడు ఆ పీట మీదే కూర్చుని ఫొటో దిగాడు.

జనవరిలో దీవెనమ్మ మందు పీల్చడం మొదలుపెట్టింది. మార్చి మధ్యకు కూతలు ఆగిపోయాయి.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మంచం మీద వెల్లకిలా పడుకుంది. గంట తర్వాత కృప గిన్నెలు కడిగి లోపలికి వచ్చింది. ఇంట్లో చప్పుడు లేదు. ఆమెకు ఊహ తెలిసినప్పటినుంచి ఆ ఇంట్లో నిద్రంటే పిల్లికూతే. కృప పరిగెత్తుకెళ్లి తల్లి భుజం పట్టుకు కుదిపింది.

"అమ్మా! అమ్మా!"

దీవెనమ్మ కళ్లు తెరిచింది. "ఏందే? ఏమైంది?"

"ఏం లేదు. చప్పుడు లేదు. భయమేసింది."

"సచ్చిపోయాననుకున్నావా?"

"ఆ."

దీవెనమ్మ నవ్వింది. తర్వాత ఏడ్చింది. తర్వాత పక్కకు జరిగింది. మంచం ఇద్దరికీ ఇరుకే. అయినా ఇద్దరూ పడుకున్నారు.

షెడ్డులో ఆమెను ఆట పట్టించారు.

"ఏందక్కా, పిల్లి లేచిపోయిందంట? ఎవరితో?" అంది మస్తాన్‌బీ.

"నీ మొగుడితోనే. ఇంటికి పోయి వెతుక్కో."

"అమ్మో, అయితే ఆ పిల్లి మళ్లీ నీ కాడికే వస్తది. ఆయన కూడు పెట్టేవాడా?"

అందరూ నవ్వారు. దీవెనమ్మ పీటను మాత్రం ఎవరూ కదపలేదు. ఆమె కూడా అక్కడే కూర్చుంది. అది ఆమె చోటు. తర్వాత విచారణలో ఈ సంగతి గురించి మస్తాన్‌బీని అడిగారు. మందు వేసుకున్నాక ఆమె ఛాతీ పలకదని మీకు తెలియదా? మస్తాన్‌బీ చెప్పింది: "జబ్బు తగ్గిందనుకున్నాం. జబ్బు తగ్గినా బూజు బూజే కదా సార్. చిన్నాచితకా దానికి కూత రాదు, నిజంగా ఉంటే వస్తదిలే అనుకున్నాం. రాలేదు గాబట్టి లేదనుకున్నాం."

పదకొండు మందీ అలాగే అనుకున్నారు. దీవెనమ్మ కూడా అలాగే అనుకుంది.

చక్రధర్ అలా అనుకోలేదు. ఆయన అసలు ఏమీ అనుకోలేదు. కూత రాక పని ఎక్కడా ఆగడం లేదని ఏడుకొండలు చెప్తే, అయితే ఎండబెట్టే కళ్లం ఎందుకన్నాడు. జూన్‌లో కళ్లాన్ని లారీలు నిలుపుకోవడానికి అద్దెకిచ్చాడు. అప్పటినుంచి చెమర్చిన టిక్కీలు చలి గది నుంచి నేరుగా షెడ్డులోకి వచ్చాయి.

అదే నెలలో నిశ్వాస సంస్థ విలేకరులను పిలిచింది. వేదిక మీద దీవెనమ్మ చేత బెలూన్ ఊదించారు. డైరెక్టరు మైకు పట్టుకుని, "ఇరవై ఏళ్లు కొవ్వొత్తి ఆర్పలేని మనిషి," అన్నాడు. ఆమె ఊదింది. ఇంకా ఊదమన్నారు. బెలూన్ పగిలింది. చప్పట్లు కొట్టారు. పగిలిన రబ్బరు ముక్క ఆమె చెంపకు తగిలింది. ఫొటోగ్రాఫర్లు ఆ క్షణం దొరకలేదని ఇంకోసారి ఊదమని అడిగారు. ఇంకోసారి ఊదింది. మర్నాడు పేపర్లలో వచ్చింది ఆ రెండో బెలూన్.

జూలై మొదటి వారంలో జ్వరాలు మొదలయ్యాయి. పొద్దున పనిలోకి దిగితే సాయంత్రానికి ఒళ్లు నొప్పులు, చలి, దగ్గు. రాత్రికి తగ్గేది. ఆదివారం బాగుండేది. సోమవారం సాయంత్రం మళ్లీ వచ్చేది. ఆర్‌ఎంపీ ఏదో వైరల్ అన్నాడు. వైరల్‌కు ఆదివారం సెలవు ఎందుకని మస్తాన్‌బీ అడిగింది. ఆయన సూది వేశాడు.

కృప చిక్కిపోయింది. బావి దగ్గరి నుంచి బిందె మోసుకొచ్చి గుమ్మంలో ఆగి ఊపిరి తీసుకునేది.

"నా జబ్బు నీకు అంటుకుందా ఏందే?" అంది దీవెనమ్మ.

"నాకు కూతలెక్కడ ఉన్నయ్? విను," అని కృప ఆమె తలను తన ఛాతీకి ఆనించుకుంది. దీవెనమ్మ విన్నది. కూతలు లేవు. ఆమెకు తెలిసిన జబ్బు గుర్తు అదొక్కటే. అది లేదు గనక ఊరుకుంది.

పోల్చే గుంపుకు ఆర్నెల్ల పరీక్షలు జూలై మూడో వారంలో జరిగాయి. పరిమళ కృప ఊపిరితిత్తిలోకి గొట్టం పంపి, ఉప్పునీరు పోసి, తిరిగి లాగి, ఆ నీటిని మైక్రోస్కోపు కింద పెట్టింది. ఆమె చూస్తానని అనుకున్నది ఆరోగ్యవంతుల ఊపిరితిత్తి. అందులో కణాలు పలుచగా ఉండాలి. ఇందులో కిక్కిరిసి ఉన్నాయి. దీవెనమ్మలో ఉండిన రకం కాదు. వేరే రకం. ఇవి గొట్టాల్లో కాదు, గొట్టాల చివర గాలి తిత్తుల్లో పోగవుతాయి. నిమిషాల్లో రావు, ఆరేడు గంటలు పడుతుంది. కండరాన్ని బిగించవు గనక కూత ఉండదు. గుంపులు కట్టి కూర్చుంటాయి. అవి కూర్చున్న చోట తిత్తి గట్టిపడుతుంది. గట్టిపడింది మళ్లీ మెత్తబడదు.

మిగతా పదిమంది నీటినీ చూసింది. ఇంకో ఆరుగురిలో అవే ఉన్నాయి. అప్పుడు ఆమె షెడ్డుకు వెళ్లింది. కుప్పలోంచి కాయ తీసి విరిచింది. లోపల బూజు ఉంది. ఎవరో ఆమెకు దీవెనమ్మ పీట వేశారు. పీట సంగతి అప్పుడు చెప్పారు.

జూలై 22, గురువారం ఆమె డైరెక్టరు గదిలోకి వెళ్లింది. ఆ సంభాషణను పరిమళ విచారణలో చెప్పింది. డైరెక్టరు దాన్ని కాదనలేదు.

"సార్, ఆ షెడ్డులో బూజు కనిపెట్టేది దీవెనమ్మ ఛాతీ. మనం దాన్ని ఆపేశాం. మిగతావాళ్లు దాన్ని నమ్ముకుని బూజులో కూర్చుంటున్నారు. ఏడుగురికి తిత్తులు దెబ్బతింటున్నాయి. ఇవాళే వాళ్లను బయటికి తీసుకురావాలి."

"దీవెనమ్మ ఎలా ఉంది?"

"ఆవిడకేం లేదు. పోల్చే గుంపు సంగతి చెప్తున్నాను."

"పోల్చే గుంపు అంటే ఏమిటమ్మా? ఏమీ చేయకుండా వదిలేసినవాళ్లు. మనం ఏదైనా చేస్తే వాళ్లు పోల్చే గుంపు ఎలా అవుతారు?"

"సార్, వాళ్లకు జబ్బు చేస్తోంది."

"చేయనీ. అంటే, నోట్ చేసుకో. సోమవారం ఢిల్లీ నుంచి నిపుణుల బృందం వస్తోంది. షెడ్డులో పని జరుగుతుండగా చూస్తారు. వాళ్లు వెళ్లాక మంగళవారం మనం కూర్చుని మాట్లాడదాం."

"మంగళవారం దాకా..."

"నాలుగు రోజులు. నెల నుంచీ పీలుస్తున్నారన్నావుగా."

పరిమళ బయటికి వచ్చింది. ఉద్యోగం మానేయలేదు. ఎవరికీ రాయలేదు. శుక్రవారం మేస్త్రీకి ఫోన్ చేసింది.

"కుప్పలో బూజుంది. ఎండబెట్టించండి."

"ఎక్కడుంది మేడం? దీవెనమ్మకి పిల్లి లేవలేదుగా."

"ఆవిడకు ఇంక లేవదండీ."

"మంచిదేగా మేడం. దానికోసమేగా మీరు మందిచ్చింది."

ఆదివారం కృపకు ఫోన్ చేసింది. ఏ జబ్బో చెప్పలేదు. చెప్తే సోమవారం షెడ్డులో ఎవరూ ఉండరని ఆమెకు తెలుసు.

"కృపా, రేపు సెలవు పెట్టు. ఇంకో టెస్టు చేయాలి."

"రేపు ఎవుర్నీ మానొద్దన్నారు మేడం. ఢిల్లీవాళ్లు వస్తన్నారంట. ఎల్లుండి వస్తా."

"దుమ్ము ఎక్కువుంటే బయటికొచ్చెయ్."

"అమ్మ గుమ్మంలోనే ఉంటది గదా మేడం. ఏమన్నా ఉంటే అమ్మకి తెలవదా?"

పరిమళ సరే అంది.

సోమవారం పదకొండు గంటలకు నిపుణుల బృందం వచ్చింది. ఐదుగురు. ఐదుగురూ కారులోంచి దిగే ముందే వడపోత మాస్కులు పెట్టుకున్నారు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. పని బాగా కనబడాలని ఏడుకొండలు ఆ పొద్దున మామూలుకు రెండింతల టిక్కీలు కుమ్మరించాడు. అవి గురువారం చలి గదిలోంచి తీసినవి. నాలుగు రోజులు వర్షం. బృందంలో ఒకాయన దీవెనమ్మను ఊపిరి గట్టిగా పీల్చమన్నాడు. ఆమె పీల్చింది. ఆయన బొటనవేలు చూపించాడు. పావుగంటకు వెళ్లిపోయారు.

ఐదు గంటలకు కృప కుప్ప మీదికి వాలింది. ఆరు గంటలకు మస్తాన్‌బీతో కలిపి ఇంకో ఆరుగురికి వణుకు మొదలైంది. దీవెనమ్మ రోడ్డు మీదికి పరిగెత్తి ఆటోలు ఆపింది. ఇరవై ఏళ్లలో ఆమె పరిగెత్తడం అదే మొదటిసారి.

ఆసుపత్రిలో మొదటి రోజు న్యుమోనియా అన్నారు. మంగళవారం సాయంత్రం పరిమళ వచ్చి డాక్టరుకు సంగతి చెప్పింది. మందు మార్చారు. ఆరుగురు కోలుకున్నారు. వాళ్లలో ఇద్దరు ఇక మెట్లు ఎక్కలేరని డాక్టర్లు రాసిచ్చారు. కృప తిత్తుల్లో సగానికి పైగా గట్టిపడి ఉన్నాయి. ఆమె పడుకోలేకపోయింది. మంచం తల పైకెత్తి కూర్చోబెట్టారు.

"అమ్మా, నువ్వు ఇట్టాగేనా ఇన్నేళ్లు?" అంది. ఒక్కో మాటకు ఆగుతోంది.

"ఇట్టాగే. అలవాటైద్దిలే. మాట్టాడబాక."

"నువ్వు కింద పడుకో. నీకిప్పుడు పడుకుంటే ఊపిరాడుద్దిగా."

దీవెనమ్మ పడుకోలేదు. కూతురి వెనక మంచం మీద కూర్చుని, ఆమె వీపును తన ఛాతీకి ఆనించుకుంది.

ఆగస్టు 9న మధ్యాహ్నం కృప చనిపోయింది.

విచారణ సంఘం నెల రోజులు పనిచేసింది. వర్షాకాలపు తేమను కారణంగా తేల్చింది. చక్రధర్ షెడ్డుకు రెండు ఫ్యాన్లు పెట్టాలని సూచించింది. ఆయన ఒకటి పెట్టాడు. నిశ్వాస సంస్థ నిబంధనల ప్రకారమే నడుచుకుందని రాసింది. అది నిజమే. పోల్చే గుంపును ఏమీ చేయకూడదన్నది నిబంధనే.

అక్టోబరులో సంస్థ ఫలితాలు ప్రకటించింది. పరిమళ అప్పటికి ఉద్యోగం మానేసింది. ఆ నివేదిక పట్టుకుని దీవెనమ్మ ఇంటికి వచ్చింది. దీవెనమ్మ ఆమెను మంచం మీద కూర్చోమని తను గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏం రాశారు మేడం?"

"మందు తీసుకున్న నలభై మందిలో ఒక్కరికీ ఊపిరితిత్తుల జబ్బు రాలేదని."

"నిజమే గదా."

"తీసుకోనివాళ్లలో ఏడుగురికి వచ్చిందని. ఒకరు చనిపోయారని."

"ఆ ఒకరు కృప."

"పేరు రాయలేదు."

దీవెనమ్మ ఆ కాగితాలు తీసుకుని చూసింది.

"అంటే, మందు తీసుకునుంటే నా పిల్ల బతికేదని రాశారా?"

"అలా రాయలేదు. చదివినవాళ్లకు అలా అర్థమయ్యేట్టు రాశారు. మామూలు మనుషులకు కూడా ఈ మందు ఇవ్వాలని ఇప్పుడు అడుగుతున్నారు. ఊపిరితిత్తులకు రక్షణంట."

"మీకు ముందే తెలుసా మేడం?"

"గురువారం తెలిసింది."

"ఆదివారం ఫోన్ చేశారు గదా."

"చేశాను."

"చెప్పలేదు."

"చెప్పలేదు."

దీవెనమ్మ లేచి గూట్లోంచి మందు డబ్బా తెచ్చింది. నెలనెలా సంస్థ పంపుతూనే ఉంది. డబ్బా మీద బెలూన్ ఊదుతున్న ఆమె బొమ్మ ఉంది. ఆ నెల నుంచే కొత్తగా వేశారు.

"ఇది మానితే ఎన్నాళ్లకి వస్తది?"

"ఏది?"

"పిల్లి."

"మానొద్దు దీవెనమ్మా. మళ్లీ పడుకోలేవు. వయసు పెరిగింది. ఈసారి ఇంకా గట్టిగా పట్టుకోవచ్చు."

"ఎన్నాళ్లకి?"

"రెండు నెలలు. మూడు నెలలు."

"మస్తాన్‌బీ వాళ్లు మళ్లీ పనిలోకి పోతన్నారు. పోక ఏం జేస్తారు?" అంది దీవెనమ్మ. డబ్బాను పరిమళ చేతిలో పెట్టింది. "మీరే తీసుకెళ్లండి. మీ సారుకి ఇయ్యండి. ఆయన్ని పీల్చమనండి."

నవంబరు నెలాఖరుకు ఆమె మంచం మీద పడుకోవడం మానేసింది. సంస్థ నివేదికలో ఆమెను సహకరించడం మానేసిన రోగిగా చూపారు. డైరెక్టరుకు జనవరి 26న ప్రభుత్వ పురస్కారం ఇచ్చారు.

అదే వారంలో షెడ్డులో తొమ్మిది మంది పనిలో ఉన్నారు. దీవెనమ్మ గుమ్మం పీట మీద ఉంది. ఏడుకొండలు చలి గదిలోంచి రెండు రోజుల కింద తీసిన టిక్కీలు కుమ్మరించాడు. పైనున్న కాయ ఎర్రగా, పొడిగా ఉంది. మస్తాన్‌బీ ఒకటి తీసి విరిచి వాసన చూసింది. ఘాటు తప్ప ఏమీ లేదు. తొమ్మిది మందీ కూర్చున్నారు. తొడిమలు తీస్తూ కాసేపు ఎవరి కోడలి సంగతో మాట్లాడుకున్నారు.

దీవెనమ్మ చేయి ఆగింది. ఆమె గుమ్మం పట్టుకుంది. మెడ నరాలు లేచాయి. ఛాతీలోంచి సన్నగా కూత వచ్చింది. తర్వాత పెద్దది.

మాటలు ఆగాయి.

"పిల్లి లేచింది," అంది మస్తాన్‌బీ. "లెగండే, లెగండి."

"ఇప్పుడే గదా కూర్చుంది!" అన్నాడు ఏడుకొండలు. "కాయ చూడు, ఎట్టా ఉందో. ఎక్కడుంది బూజు?"

"నువ్వు కూర్చో అయితే. కూర్చుని తియ్," అంది మస్తాన్‌బీ.

ఇద్దరు దీవెనమ్మను చెరో రెక్క పట్టుకుని బయటికి నడిపించారు. మిగతావాళ్లు వెనకే వచ్చారు. ఆమెను వేపచెట్టు మొదట్లో కూర్చోబెట్టి వీపు రాశారు. ఊపిరి అందడానికి చాలాసేపు పట్టింది. ఏడుకొండలు కొంతసేపు గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత తువ్వాలు ముక్కుకు కట్టుకుని, అడుగున ఉన్న టిక్కీ విప్పించి, కాయ విరిచాడు. బూడిద రంగు పొడి లేచింది.

ఆ సాయంత్రం తొమ్మిది మందిలో ఎవరికీ జ్వరం రాలేదు.